జీతం అడగాలంటే వీసా గుర్తొస్తుంది: బ్రిటన్ యూనివర్సిటీల సమ్మెల్లో మనకు కనిపించని సగం

బ్రిటన్‌లో చదువుకుంటున్న కొడుకో కూతురో ఫోన్ చేసి "ఈ వారం క్లాసుల్లేవు, లెక్చరర్లు సమ్మెలో ఉన్నారు" అంటే హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న తల్లిదండ్రులకు ముందుగా వచ్చేది కోపమే. లక్షలు పోసి పంపితే పాఠం చెప్పకుండా రోడ్డెక్కడం ఏంటని. ప్లాట్ అమ్మి, నగలు అమ్మి, వడ్డీ అప్పు వద్దనుకుని బంధువుల దగ్గర చేబదులు తెచ్చి పంపిన ఇంట్లో ఆ కోపానికి అర్థం ఉంది. కానీ ఆ సమ్మె ఎందుకు మొదలైంది, అందులో చేరడానికి భయపడేది ఎవరు అని అడిగితే, సమాధానం మన ఇళ్ల దగ్గరికే వస్తుంది. ఇవాళ అక్కడ ఫీజు కట్టే పిల్లల్లో కొందరు రేపు అదే యూనివర్సిటీలో పరిశోధకులుగానో, గంటల లెక్కన పాఠం చెప్పే ట్యూటర్లుగానో, లైబ్రరీ కౌంటర్‌లోనో పనిచేసేవాళ్లే.

సమ్మెలు నడుపుతున్నది యూనివర్సిటీ అండ్ కాలేజ్ యూనియన్, అందరూ పిలిచే పేరు యూసీయూ. 2006లో రెండు పాత సంఘాలు కలిసి ఇది ఏర్పడింది. సభ్యులు లక్షకు పైనే. పేరు వింటే ప్రొఫెసర్ల సంఘం అనిపిస్తుంది గానీ లైబ్రేరియన్లు, పరిపాలనా సిబ్బంది, ఒప్పందం మీద పనిచేసే పరిశోధకులు, పాఠాలు చెప్పే పీహెచ్‌డీ విద్యార్థులు కూడా ఇందులో ఉన్నారు. సంఘం తన డిమాండ్లను "నాలుగు పోరాటాలు" అని పిలిచింది. జీతం పెంచాలి, పని భారం తగ్గించాలి, తాత్కాలిక ఒప్పందాలు ఆపాలి, ఆడవాళ్లకూ నల్లజాతి, ఆసియా సిబ్బందికీ జీతంలో జరుగుతున్న అన్యాయం సరిచేయాలి.

జీతం సంగతి అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2022 అక్టోబర్‌లో బ్రిటన్‌లో ధరల పెరుగుదల 11 శాతం దాటింది. ఆ విద్యా సంవత్సరానికి యూనివర్సిటీలు ఎక్కువ మందికి ఇచ్చిన పెంపు 3 శాతం. అంటే జీతం పెరిగినట్టు స్లిప్‌లో కనిపిస్తుంది, ఇంటికొచ్చే సరుకులు మాత్రం తగ్గిపోతాయి. తర్వాతి ఏడాది కాస్త మెరుగైన పెంపు వచ్చినా, 2025-26కి యాజమాన్యాలు ఇచ్చింది 1.4 శాతమే. 2009 నుంచి లెక్కేస్తే జీతం అసలు విలువ నాలుగో వంతు దాకా పడిపోయిందని సంఘం అంటోంది. యాజమాన్యాలు ఆ లెక్క కట్టే పద్ధతినే ఒప్పుకోవు. ఏ కొలమానం తీసుకున్నా విలువ తగ్గిందన్నది మాత్రం దాచలేనిది.

మరి యూనివర్సిటీల దగ్గర డబ్బు లేదా? ఇక్కడే మన పిల్లల ఫీజు కథలోకి వస్తుంది. ఇంగ్లండ్‌లో స్థానిక విద్యార్థి ఏడాదికి కట్టే ఫీజు 2012లో గరిష్ఠంగా 9,000 పౌండ్లు. 2017లో 9,250 అయింది. అక్కడే ఎనిమిదేళ్లు ఆగిపోయింది. 2025లో గానీ 9,535కి పెరగలేదు. పదమూడేళ్లలో 6 శాతం కూడా లేదు! ఖర్చులు మాత్రం ఆగలేదు కదా. ఆ లోటు పూడ్చడానికి యూనివర్సిటీలకు దొరికిన దారి విదేశీ విద్యార్థులు. వాళ్ల ఫీజుకు ప్రభుత్వ పరిమితి లేదు. 2021 జూలైలో చదువయ్యాక రెండేళ్లు ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా మొదలవడంతో మన దేశం నుంచి వెళ్లేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. 2022కల్లా స్టూడెంట్ వీసాల్లో చైనాను దాటి భారతీయులు మొదటి స్థానానికి వచ్చారు. అందులో తెలుగు పిల్లలు ఎంతమందో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల బోర్డులు చూస్తేనే తెలుస్తుంది.

అంటే అక్కడి ఉన్నత విద్య ఒక పక్క విదేశీ ఫీజు మీద, ఇంకో పక్క తక్కువ జీతానికి తాత్కాలికంగా పనిచేసే సిబ్బంది మీద నిలబడింది. అధ్యాపక, పరిశోధక సిబ్బందిలో దాదాపు మూడింట ఒక వంతు గడువు ఒప్పందాల మీద ఉన్నవాళ్లు. బ్రిటన్ పౌరులు కానివాళ్లు కూడా సుమారు మూడింట ఒక వంతే. ఈ రెండు గుంపులూ ఒకటే కాదు, కానీ చాలాచోట్ల ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

స్పాన్సర్ అంటే ఎవరు?

గల్ఫ్ సంపాదనతో నడిచిన కుటుంబాలకు "కఫీల్" అంటే ఏంటో విడిగా చెప్పక్కర్లేదు. నిజామాబాద్, జగిత్యాల, కడప, పాతబస్తీ, ఎక్కడ చూసినా ఆ మాట తెలియని ఇల్లు లేదు. పనిచ్చేవాడి చేతిలోనే దేశంలో ఉండే హక్కు కూడా ఉంటే, జీతం తక్కువైందని ఎలా అడుగుతారు? బ్రిటన్‌లో పాస్‌పోర్ట్ లాక్కునే కఫీల్ లేడు. సౌదీలో, యూఏఈలో లేని సంఘం పెట్టుకునే హక్కు, కోర్టుకెళ్లే హక్కు అక్కడ ఉన్నాయి. రెండింటినీ ఒకే గాటన కట్టడం తప్పు. అయినా అక్కడి స్కిల్డ్ వర్కర్ వీసా కూడా ఒక స్పాన్సర్ చేతిలోనే ఉంటుంది. యూనివర్సిటీ ఉద్యోగికి ఆ స్పాన్సర్ యూనివర్సిటీయే. ఉద్యోగి రాకపోతే, జీతం తగ్గితే, ఉద్యోగం పోతే హోం ఆఫీసుకు చెప్పాల్సిన బాధ్యత కూడా దానిదే.

ఇది ఎక్కడ బయటపడిందంటే 2018 ఫిబ్రవరిలో. పెన్షన్ కోతకు వ్యతిరేకంగా 60కి పైగా యూనివర్సిటీల్లో 14 రోజుల సమ్మె మొదలైంది. అప్పటి వీసా నిబంధన ప్రకారం జీతం లేని గైర్హాజరు ఏడాదిలో మొత్తం నాలుగు వారాలు దాటకూడదు. దాటితే స్పాన్సర్‌షిప్‌కే ఎసరు. ప్రసూతి సెలవు లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది గానీ ఆ జాబితాలో సమ్మె లేదు. నాలుగు వారాలంటే 20 పని దినాలు. 14 సమ్మెకే పోతే మిగిలేవి 6. ఆ ఏడాది ఊళ్లో తండ్రికి బాగోలేక జీతం లేని సెలవు పెట్టి పరిగెత్తుకు రావాల్సొస్తే? పక్క టేబుల్ బ్రిటిష్ సహోద్యోగికి సమ్మె అంటే 14 రోజుల జీతం పోవడం. వలస ఉద్యోగికి దేశమే పోయే ప్రమాదం. ఒకే సంఘం, ఒకే డిమాండ్, ఒకే పికెట్ లైన్, కానీ ఇద్దరూ పెట్టే పందెం ఒకటి కాదు.

చాలామంది అప్పుడు సమ్మెకు దూరంగా ఉండాలా వద్దా అని నలిగిపోయారు. యూసీయూ దీన్ని సభ్యుల సొంత ఇబ్బందిగా వదిలేయకుండా బయటికి తెచ్చి అడిగింది. ఆ ఏడాది జూన్‌లో హోం సెక్రటరీగా ఉన్న సాజిద్ జావిద్ నిబంధన మార్పు ప్రకటించారు. చట్టబద్ధమైన సమ్మె కూడా మినహాయింపుల జాబితాలో చేరింది. జూలై నుంచి అమల్లోకి వచ్చింది. పాకిస్తాన్ నుంచి వలస వెళ్లిన బస్సు డ్రైవర్ కొడుకు ఆ కుర్చీలో ఉండగా ఈ మార్పు రావడం మన మీడియాలో పెద్దగా ఎవరూ గమనించలేదు. పెన్షన్ పోరాటం మరికొన్నేళ్లు సాగి, కోసేసిన ప్రయోజనాలు 2024 ఏప్రిల్ నుంచి తిరిగొచ్చాయి. అది పెద్ద గెలుపే. కానీ వలస ఉద్యోగి వైపు నుంచి చూస్తే 2018లో జాబితాలో చేరిన ఆ ఒక్క పదమే ముందొచ్చిన గెలుపు. అది లేకపోతే తర్వాతి సమ్మెల్లో వాళ్లు నిలబడేవాళ్లు కాదు.

తుడిచేవాళ్లు కూడా యూనివర్సిటీయే

వలస కార్మికుల సంగతి మాట్లాడుతూ లెక్చరర్ల దగ్గరే ఆగిపోతే అది సగం మాటే. లండన్‌లోని సోయాస్ యూనివర్సిటీ పేరు ఉర్దూ, అరబీ చదువుకున్నవాళ్లకు కొత్త కాదు. ఆసియా, ఆఫ్రికా భాషలకు అది పెట్టింది పేరు. అక్కడ క్లీనర్లు ఎక్కువగా లాటిన్ అమెరికా వలసదారులు. యూనివర్సిటీలో పనిచేసినా యూనివర్సిటీ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు కంపెనీ మనుషులు. యూనిసన్ అనే సంఘంలో చేరి, విద్యార్థులూ అధ్యాపకులూ తోడు రాగా లండన్ జీవన వేతనం సాధించుకున్నారు.

2009 జూన్ 12 ఉదయం ఆ క్లీనర్లను మీటింగ్ ఉందని పిలిచారు. వాళ్లొచ్చి కూర్చున్నాక ఇమ్మిగ్రేషన్ అధికారులు లోపలికొచ్చారు. తొమ్మిది మందిని పట్టుకున్నారు. వాళ్లలో పలువురిని కొద్ది రోజుల్లోనే దేశం దాటించేశారు. విద్యార్థులు డైరెక్టర్ ఆఫీసును ఆక్రమించి కూర్చున్నారు. జీతం పెంచమన్న నెలల వ్యవధిలోనే కాగితాల తనిఖీ రావడం యాదృచ్ఛికమని అక్కడివాళ్లు ఎవరూ నమ్మలేదు.

ఆ రోజుతో ఉద్యమం చచ్చిపోవాల్సింది. చావలేదు. క్లీనర్లకు కూడా మిగతా సిబ్బందితో సమానంగా అనారోగ్య సెలవు జీతం, పెన్షన్, సెలవులు కావాలని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. 2017లో సోయాస్ ఒప్పుకుంది. 2018లో క్లీనింగ్ పనిని కాంట్రాక్టు నుంచి తీసి సొంత సిబ్బందిలో కలుపుకుంది. దాడి జరిగాక తొమ్మిదేళ్లకు. తర్వాత లండన్‌లో ఇంకొన్ని యూనివర్సిటీలూ ఆ దారి పట్టాయి. మన యూనివర్సిటీ హాస్టళ్లలో ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ పేరు మీద ఏళ్లకేళ్లు తుడుస్తున్న ఆడవాళ్లను చూసినవాళ్లకు ఈ కథ ఎక్కడో దూరంగా జరిగినట్టు అనిపించదు.

లెక్చరర్ల సంఘానికి ఇందులో ఉన్న పాఠం చాలా సూటిది. జీతం అడిగినవాణ్ని వీసాతో బెదిరించగలిగితే, పక్కనున్నవాడి జీతం కూడా పెరగదు. ఎందుకంటే యాజమాన్యానికి ఎప్పుడూ భయపడి ఒప్పుకునే మనిషి ఒకరు దొరుకుతారు. వలస కార్మికుల పక్షాన నిలబడటం దానధర్మం కాదు, సొంత జీతం కాపాడుకునే పని.

లెక్క చూద్దాం

ఈ బంధం ఎంత గట్టిదో చెప్పడానికి 2024 ఏప్రిల్ చాలు. స్కిల్డ్ వర్కర్ వీసాపై కొత్తగా వచ్చేవాళ్లకు కనీస జీతం 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచారు. ఒక్క దెబ్బకు 47 శాతానికి పైనే. 2025 జూలైలో 41,700 చేశారు. పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు, కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లకు తగ్గింపులున్నాయి, అంతకుముందే ఆ వీసాలో ఉన్నవాళ్లకు వేరే లెక్క ఉంది. అయినా ఒక పక్క ప్రభుత్వం గీత అంత పైకి జరుపుతుంటే ఇంకో పక్క యూనివర్సిటీ జీతం 1.4 శాతం పెంచుతోంది. బ్రిటిష్ ఉద్యోగికి తక్కువ పెంపు అంటే ఇబ్బంది. వలస ఉద్యోగికి తక్కువ పెంపు అంటే గీత కిందకు జారిపోవడం. ఇక గంటల లెక్కన పాఠాలు చెప్పేవాళ్లకైతే ఆ గీతను అందుకునే దారే కనిపించదు, కాబట్టి స్పాన్సర్‌షిప్ మాటే ఉండదు. తాత్కాలిక ఒప్పందాల మీద పోరాటం మన పిల్లల మీద పోరాటం కాదని, వాళ్ల కోసమేనని ఇక్కడ తెలుస్తుంది.

దీని పైన ఆరోగ్య సర్‌చార్జి. జీతంలో పన్ను కడుతూనే ప్రభుత్వ ఆస్పత్రుల కోసం వలసదారులు విడిగా కట్టే డబ్బు ఇది, అదీ వీసాకు ముందే మొత్తం కలిపి. 2024 ఫిబ్రవరిలో పెద్దవాళ్లకు ఏడాదికి 624 నుంచి 1,035 పౌండ్లు చేశారు. పిల్లలకు 776. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఐదేళ్ల వీసా తీసుకుంటే పెద్దవాళ్లకు 10,350, పిల్లలకు 7,760, మొత్తం 18,110 పౌండ్లు. పౌండు 115 రూపాయలనుకున్నా 20 లక్షలు దాటుతుంది. వీసా ఫీజు దీనికి అదనం. ఈ సర్‌చార్జిని యూసీయూ మొదటి నుంచీ వ్యతిరేకిస్తోంది, ఉద్యోగికి, కుటుంబానికి యూనివర్సిటీలే ఆ ఖర్చు తిరిగివ్వాలని శాఖలు అడుగుతున్నాయి. కొన్ని యూనివర్సిటీలు ఉద్యోగి వరకు ఇస్తాయి, భార్యాబిడ్డల దగ్గరికొచ్చేసరికి అప్పు ఇస్తామంటాయి. అప్పు తీరేదాకా అదే యాజమాన్యం దగ్గర ఉండాలన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

అయితే సంఘం చేసిందంతా ఒప్పుకోవాల్సిన పనిలేదు. 2023 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నడిచిన జవాబుపత్రాల బహిష్కరణలో చాలా యూనివర్సిటీల్లో పేపర్లు దిద్దలేదు. సమ్మె రోజు పోతే ఆ రోజు పాఠమే పోతుంది. మార్కులు ఆగితే విదేశీ విద్యార్థికి గొలుసు మొత్తం ఆగుతుంది. డిగ్రీ పూర్తయిందని యూనివర్సిటీ చెబితేనే గ్రాడ్యుయేట్ వీసా. స్టూడెంట్ వీసా గడువు మాత్రం ఎవరి కోసం ఆగదు. చివరికి హోం ఆఫీసు ప్రత్యేక సడలింపు ఇచ్చి, ఫలితాలు రాకముందే దరఖాస్తుకు అనుమతించింది. అంతదాకా ఆ పిల్లలు పడ్డ టెన్షన్ మామూలుది కాదు. మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే 20 లక్షల ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో రెండో విడత రావాలన్నా మొదటి సెమిస్టర్ ఫలితం చూపించాలి. మార్కుల జాబితా కేవలం కాగితం కాదు మన ఇళ్లలో. వలస కార్మికుల పక్షమని చెప్పే సంఘం, వలస విద్యార్థి మీద ఎక్కువ బరువు పడే ఆయుధాన్ని ఎంచుకున్నప్పుడు ఆ సడలింపు సంగతి ముందే తేల్చుకుని ఉండాల్సింది.

పైగా ఆ బహిష్కరణ జీతాల్లో తెచ్చింది ఏమీ లేదు. చట్టం ప్రకారం సమ్మెకు సగం మంది సభ్యులైనా ఓటు వేయాలి. 2023 చివరి బ్యాలెట్‌లో 43 శాతం దగ్గరే ఆగిపోయింది. అలసిపోయారు. జీతం కోతలు చూశారు. వేసినవాళ్లలో ఎక్కువమంది సమ్మెకే ఓటేసినా, వేయని ఓటు యాజమాన్యం లెక్కలోకి పోయింది.

ఉద్యోగం పోతే 60 రోజులు

ఇప్పుడు గొడవ జీతం నుంచి ఉద్యోగం దగ్గరికి వచ్చింది. 2024 జనవరి నుంచి సాధారణ మాస్టర్స్ విద్యార్థులు భార్యాపిల్లల్ని తీసుకెళ్లే వీలు తీసేశారు. నైజీరియా కరెన్సీ కుప్పకూలింది. విదేశీ విద్యార్థులు తగ్గారు. వాళ్ల ఫీజు మీద నిలబడ్డ భవనం కదిలింది. 2025 జనవరిలో కార్డిఫ్ యూనివర్సిటీ 400 ఉద్యోగాలు తీసేస్తామంది. మార్చిలో స్కాట్లాండ్‌లోని డండీ యూనివర్సిటీ 35 మిలియన్ పౌండ్ల లోటు చూపించి 632 అంది. రెండు చోట్లా యూసీయూ పోరాడింది. కార్డిఫ్‌లో ఆ ఏడాది బలవంతపు తొలగింపులు ఉండవన్న హామీ వచ్చాకే సమ్మె విరమించారు. డండీలోనూ మొదటి సంఖ్య నిలబడలేదు.

ఆ జాబితాల్లో వలస ఉద్యోగి పేరుంటే కథ వేరు. స్పాన్సర్‌షిప్ పోయాక మామూలుగా 60 రోజుల గడువు ఇస్తారు. ఆలోపు ఇంకో స్పాన్సర్ దొరకాలి, లేదా సామాను సర్దాలి. బడిలో ఉన్న పిల్లలు, ఇంటి అద్దె ఒప్పందం, అన్నీ ఆ 60 రోజుల్లోనే. అందుకే తొలగింపుల చర్చల్లో వీసా ఉద్యోగులకు నోటీసు గడువు పెంచాలని, వేరే విభాగంలో ఖాళీ ఉంటే వాళ్లకు ముందు చూపించాలని అడగడం ఇప్పుడు సంఘం శాఖలకు జీతం డిమాండ్ అంత ముఖ్యమైంది.

రాబోయేది ఇంకా బిగుతుగా ఉంది. 2025 మేలో వచ్చిన శ్వేతపత్రం శాశ్వత నివాసానికి ఐదేళ్ల బదులు పదేళ్లు ఆగాలని ప్రతిపాదించింది. పదేళ్లంటే, పదేళ్లు స్పాన్సర్ మాట వినాలి. గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్లు కాదు, 18 నెలలే, పీహెచ్‌డీ వాళ్లను మినహాయిస్తే. ఇంగ్లండ్‌లో 2028 ఆగస్టు నుంచి విదేశీ విద్యార్థికి 925 పౌండ్ల చొప్పున యూనివర్సిటీలు ప్రభుత్వానికి కట్టాలి. అది చివరికి ఎవరి ఫీజు రసీదులో తేలుతుందో కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు.

ఈ సెప్టెంబరుకో జనవరికో పిల్లల్ని పంపుతున్న ఇళ్లలో తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని. స్టూడెంట్ వీసా మీద ఉన్నా సంఘంలో చేరొచ్చు, వీసా నిబంధన అడ్డురాదు. పాఠం చెప్పే పీహెచ్‌డీ విద్యార్థులకు యూసీయూ సభ్యత్వం ఉచితం. మాస్టర్స్ పిల్లలు సెమిస్టర్ రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, దొంగతనంగా చేయించుకునే యజమాని రేపు జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికి నోరు రాదు. లెక్చరర్లు సమ్మెలో ఉన్నప్పుడు రద్దయిన క్లాసుకు విద్యార్థి హాజరు పోదు, కానీ జరుగుతున్న క్లాసు మానేస్తే పోతుంది, స్టూడెంట్ వీసాకు హాజరు ముఖ్యం. ఎవరు సమ్మెలో ఉన్నారో లేదో ఆ రోజు ఉదయమే డిపార్ట్‌మెంట్ నుంచి మెయిల్ వస్తుందో లేదో చూసుకుని, అనుమానం ఉంటే విద్యార్థి సంఘం సలహా కేంద్రంలో అడిగి వెళ్లడం మంచిది. అక్కడ సలహాకు డబ్బు తీసుకోరు.